భాగం 6 : ఆస్తమా ఔషధాలు – అవి పనిచేసే విధం

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఆస్తమా వచ్చినప్పుడు శ్వాసనాళికల్లో జరిగే మార్పులను వివరించగలుగుతారు.
• ఉపశమన ఔషధాలకు, నియంత్రణ ఔషధాలకు గల తేడాను, అవి పనిచేసే విధానాన్ని చెప్పగలుగుతారు.
• మాత్ర కంటే పీల్చే మందు ఎందుకు మేలో లెక్కతో చూపగలుగుతారు.
• ఆయాసం తగ్గడం, వ్యాధి అదుపులో ఉండటం ఒకటి కావని సోదాహరణంగా వివరించగలుగుతారు.

6.1 పరిచయం

హైదరాబాద్‌లో మూసీ నదికి, పురానాపుల్‌కు దగ్గరగా ధూల్‌పేట్ ఉంది. వినాయక చవితికి కొన్ని నెలల ముందు నుంచే అక్కడి వీధుల్లో గణపతి విగ్రహాలు బారులు తీరుతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని నీళ్లలో కలిపి, కొబ్బరి పీచు జోడించి అచ్చుల్లో పోస్తారు. ఆరిన తరువాత గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. చివరకు స్ప్రే గన్‌తో రంగులు వేస్తారు. పండుగ పందిళ్లలో మనం చూసే నునుపు, మెరుపు వెనుక ఈ దుమ్ము, ఈ రంగుల తుంపర ఉన్నాయి.

ఈ భాగానికంతటికీ ఉదాహరణగా అటువంటి వీధిలో పనిచేసే ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. వయసు 40 సంవత్సరాలు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. హైదరాబాద్‌లో చాలామంది అనేట్లు అతడు కూడా దాన్ని ‘దమ్ము’ అనే అంటాడు. జేబులో ఎప్పుడూ నీలం రంగు పంపు ఉంటుంది. ఆయాసం రాగానే రెండుసార్లు పీలుస్తాడు. అయిదు నిమిషాల్లో మళ్లీ పనిలో కూర్చుంటాడు. డాక్టరు రాసిచ్చిన రెండో పంపు గోధుమ రంగుది, ఇంట్లో అలమారాలో ఉంది. అదెందుకు వాడటం లేదని అడిగితే, “అది పీల్చినా ఏమీ తెలియదు సార్, అందుకే మానేశాను” అంటాడు.

అతడు చెప్పినదానిలో అబద్ధం లేదు. గోధుమ రంగు పంపు పీల్చిన వెంటనే నిజంగానే ఏమీ తెలియదు. అయినా అతడు మానేసిన మందే అతని ప్రాణాన్ని కాపాడవలసిన మందు. ఇది ఎలా సాధ్యం? వెంటనే గుణం కనిపించే మందు కంటే, కనిపించని మందు ఎందుకు ముఖ్యం? ఈ భాగంలో మనం తెలుసుకోబోయేది ఈ ప్రశ్నకు సమాధానమే.

ఇది ఒక్క కార్మికుని సమస్య కాదు. 2019 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో ఆస్తమా ఉన్నవారు సుమారు 3.4 కోట్ల మంది. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో ఇది సుమారు 13 శాతం. కాని ప్రపంచంలోని ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైగా మన దేశంలోనే సంభవిస్తున్నాయి. రోగుల సంఖ్యకు, మరణాల సంఖ్యకు మధ్య ఇంత తేడా ఉండటానికి గల కారణాల్లో నియంత్రణ ఔషధాలను తగినంతగా వాడకపోవడం ఒక ముఖ్య కారణం.

6.2 ఆస్తమాలో శ్వాసనాళికలకు ఏమవుతుంది?

వాయునాళం రెండుగా చీలి, ఆ శాఖలు మళ్లీ మళ్లీ చీలి, సన్నని శ్వాసనాళికలుగా మారి వాయుగోణులను చేరుతాయని మీకు తెలుసు. ఈ నాళికల గోడల్లో నునుపు కండరాలు ఉంటాయి. లోపలి వైపు శ్లేష్మపొర ఉంటుంది. ఆస్తమాలో మూడు మార్పులు జరుగుతాయి.

(అ) నునుపు కండరాలు బిగుసుకుంటాయి. నాళిక ఇరుకవుతుంది. ఇది నిమిషాల్లో జరిగే మార్పు.

(ఆ) నాళిక గోడ వాస్తుంది. దీనినే శోథం అంటారు. మాస్ట్ కణాలు, ఇసినోఫిల్‌లు, లింఫోసైట్‌లు అక్కడ చేరి హిస్టమిన్, ల్యూకోట్రీన్‌ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఇది గంటలు, రోజులు, నెలల తరబడి సాగే మార్పు.

(ఇ) చిక్కని శ్లేష్మం ఎక్కువగా ఊరి నాళికకు అడ్డుపడుతుంది.

వీటి ఫలితం ఎంత తీవ్రంగా ఉంటుందో ఒక లెక్క చూడండి. గొట్టంలో గాలి సాఫీగా ప్రవహించేటప్పుడు ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధం యొక్క నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే నాళిక వ్యాసార్ధం సగానికి తగ్గితే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. ఇరుకైన నాళికల గుండా గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించే శబ్దాన్నే మనం పిల్లికూతలు అంటాం.

ఈ మూడు మార్పుల్లో మూలమైనది శోథం. శోథం ఉన్న నాళిక పచ్చిపుండు వంటిది. ఆరోగ్యంగా ఉన్న నాళికను పెద్దగా బాధించని దుమ్ము, పొగ, చల్లగాలి, అగరుబత్తి వాసన కూడా దానిని తాకగానే కండరం బిగుసుకుంటుంది. మన ఉదాహరణలోని కార్మికునికి ప్లాస్టర్ దుమ్ము ఇలాంటి ఉద్దీపనమే. ఆ దుమ్ము అతని ఉబ్బసాన్ని పుట్టించలేదు, ఉన్న ఉబ్బసాన్ని రెచ్చగొడుతోంది. కొన్ని పదార్థాలు మాత్రం అంతకు ముందు లేని ఆస్తమాను కొత్తగా తెచ్చిపెట్టగలవు. రెండు భాగాలుగా కలిపి వాడే పాలియూరిథేన్ రకం రంగుల్లోని ఐసోసైనేట్‌లు ఇందుకు ఉదాహరణ. దీనిని వృత్తిజన్య ఆస్తమా అంటారు.

కండరం బిగుసుకోవడం ఒకటి, శోథం మరొకటి కాబట్టి మందులు కూడా రెండు తరగతులుగా ఉన్నాయి. మొదటిదానిని సడలించేవి ఉపశమన ఔషధాలు. రెండోదానిని అణచేవి నియంత్రణ ఔషధాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఆస్తమాలో శ్వాసనాళిక ఇరుకు కావడానికి గల మూడు కారణాలు ఏవి? వాటిలో నిమిషాల్లో జరిగేది ఏది, నెలల తరబడి సాగేది ఏది?

6.3 ఉపశమన ఔషధాలు

6.3.1 బీటా-2 ఉత్తేజకాలు

భయపడినప్పుడు, పరుగెత్తేటప్పుడు అధివృక్క గ్రంథి నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది. అది గుండె వేగాన్ని పెంచుతుంది, శ్వాసనాళికలను వెడల్పు చేస్తుంది. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల నుంచే వైద్యులు ఆస్తమాకు అడ్రినలిన్ సూదిమందు వాడారు. ఊపిరి ఆడేది, కాని గుండె దడదడలాడేది. నాళికలపై పనిచేస్తూ గుండెను ఎక్కువగా కదిలించని మందు కోసం అన్వేషణ అప్పుడే మొదలయింది.

1948లో అమెరికా శాస్త్రవేత్త ఆల్‌క్విస్ట్ అడ్రినలిన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని ప్రతిపాదించాడు. 1967లో లాండ్స్, అతని సహచరులు బీటా గ్రాహకాలను మళ్లీ రెండుగా విభజించారు. బీటా-1 గ్రాహకాలు ప్రధానంగా గుండెలో, బీటా-2 గ్రాహకాలు శ్వాసనాళికల కండరాల్లో ఉంటాయి. అదే కాలంలో ఇంగ్లండులో డేవిడ్ జాక్ నాయకత్వంలోని బృందం ముఖ్యంగా బీటా-2 గ్రాహకాలపై పనిచేసే సాల్బుటమాల్‌ను తయారుచేసింది. 1969లో అది బజారులోకి వచ్చింది. మన కార్మికుని జేబులోని నీలం పంపులో ఉన్నది ఈ మందే.

అది పనిచేసే క్రమం ఇది. సాల్బుటమాల్ అణువు కండర కణం పైనున్న బీటా-2 గ్రాహకానికి అతుక్కుంటుంది. దానితో కణం లోపల అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము చురుకవుతుంది. ఫలితంగా చక్రీయ ఏఎంపీ అనే పదార్థం పెరుగుతుంది. అది కణంలో కాల్షియం స్థాయిని తగ్గించి, సంకోచానికి కావలసిన ఎంజైమును అడ్డుకుంటుంది. కండరం సడలుతుంది, నాళిక తెరుచుకుంటుంది. పీల్చిన కొద్ది నిమిషాల్లోనే గుణం తెలుస్తుంది. ప్రభావం 4 నుంచి 6 గంటలు ఉంటుంది. చేతులు వణకడం, గుండె దడ, మోతాదు ఎక్కువైతే రక్తంలో పొటాషియం తగ్గడం దీని దుష్ఫలితాలు.

ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించండి. పై క్రమంలో శోథం అనే మాట ఎక్కడా రాలేదు. సాల్బుటమాల్ వాపును తాకదు.

దీనికి వ్యతిరేకంగా పనిచేసే మందులు కూడా ఉన్నాయి. ప్రొప్రనొలాల్ వంటి బీటా నిరోధకాలు ఈ గ్రాహకాలను మూసివేస్తాయి. అందువల్ల ఆస్తమా రోగి రక్తపోటుకో, గుండె దడకో మందు రాయించుకునేటప్పుడు తనకు ఉబ్బసం ఉందని డాక్టరుకు తప్పక చెప్పాలి.

6.3.2 ఉమ్మెత్త నుంచి వచ్చిన మందు

మన ఊళ్లలో చెరువు గట్ల మీద, పాడుబడిన గోడల పక్కన ఉమ్మెత్త పెరుగుతుంది. దాని ఆకులను ఎండబెట్టి పొగ పీల్చే అలవాటు దక్షిణ భారతదేశంలో ఉండేది. 1802 ప్రాంతంలో మద్రాసు నుంచి స్వదేశానికి వెళ్లిన సైనికాధికారి జనరల్ జెంట్ ద్వారా ఈ పద్ధతి బ్రిటన్‌కు చేరింది. 19వ శతాబ్దమంతా యూరప్‌లో ఉబ్బసానికి ఉమ్మెత్త సిగరెట్లు అమ్ముడయ్యాయి.

ఉమ్మెత్తలో అట్రొపిన్, దాని బంధు పదార్థాలు ఉంటాయి. వేగస్ నాడి చివరల నుంచి విడుదలయ్యే ఎసిటైల్‌కొలిన్ శ్వాసనాళికల కండరాన్ని బిగిస్తుంది. అట్రొపిన్ ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. అయితే అది శరీరమంతా వ్యాపించి నోరు ఎండిపోవడం, చూపు మసకబారడం, మతి భ్రమించడం వంటి విష లక్షణాలు కలిగిస్తుంది. ఒక్కొక్క మొక్కలో ఒక్కొక్క పాళ్లలో విషం ఉంటుంది కాబట్టి ఉమ్మెత్త వాడకం ప్రాణాంతకం. శాస్త్రవేత్తలు అట్రొపిన్ అణువును మార్చి, నాళికల్లోనే ఎక్కువగా నిలిచి రక్తంలోకి అంతగా చేరని ఇప్రట్రోపియంను తయారుచేశారు. తీవ్రమైన దాడిలో సాల్బుటమాల్‌తో పాటు దీనిని ఇస్తారు. దీనికంటే ఎక్కువసేపు పనిచేసే టయోట్రోపియంను తీవ్ర ఆస్తమా ఉన్న కొందరికి, ఇతర నియంత్రణ ఔషధాలకు తోడుగా ఇస్తారు.

6.3.3 థియోఫిలిన్

1888లో టీ ఆకుల నుంచి వేరుచేసిన థియోఫిలిన్ కూడా కండరాన్ని సడలిస్తుంది. మన పల్లెల్లో, బస్తీల్లో చవకగా దొరికే డెరిఫిలిన్ మాత్రలో ఉన్నవి ఎటోఫిలిన్, థియోఫిలిన్. ఈ మందుతో చిక్కు ఏమంటే, గుణమిచ్చే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో స్థాయి కాస్త పెరిగినా వాంతులు, గుండె లయ తప్పడం, మూర్ఛలు రావచ్చు. కొన్ని యాంటిబయాటిక్‌లు దీని స్థాయిని ఇంకా పెంచుతాయి. అందువల్ల ఈనాటి చికిత్సలో దీని స్థానం వెనుకకు జరిగింది.

6.4 నియంత్రణ ఔషధాలు

6.4.1 పీల్చే స్టిరాయిడ్‌లు

అధివృక్క గ్రంథి వల్కలం నుంచి వచ్చే హార్మోన్లపై చేసిన పరిశోధనకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. స్టిరాయిడ్‌లు శోథాన్ని అణచుతాయని తెలిసింది. కాని మాత్రల రూపంలో నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బడం, మధుమేహం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు వంటి దుష్ఫలితాలు వచ్చాయి. 1972లో పీల్చే బెక్లోమెథసోన్ రావడంతో ఆస్తమా చికిత్స మలుపు తిరిగింది. బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ తరువాత వచ్చాయి. మన కార్మికుని అలమారాలోని గోధుమ రంగు పంపులో ఉన్నది బుడెసొనైడ్ అనుకుందాం.

ఇది పనిచేసే క్రమాన్ని సాల్బుటమాల్‌తో పోల్చి చూడండి. స్టిరాయిడ్ అణువు కణత్వచాన్ని దాటి లోపలికి వెళుతుంది. కణద్రవ్యంలోని గ్రాహకంతో కలిసి కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ శోథ రసాయనాలను తయారుచేసే జన్యువుల పనిని తగ్గిస్తుంది. కొత్త శోథకణాలు నాళిక గోడకు చేరడం క్రమంగా తగ్గుతుంది. వాపు దిగుతుంది, శ్లేష్మం తగ్గుతుంది. జన్యువుల స్థాయిలో జరిగే ఈ పనికి గంటలు పడుతుంది. దాని పూర్తి ఫలితం కనిపించడానికి రోజులు, వారాలు పడుతుంది. పీల్చిన అయిదు నిమిషాల్లో ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే. మందు పనిచేయక కాదు, పనిచేసే చోటు వేరు కావడం వల్ల.

ఈ మందు చేసే మరో మేలు కూడా ఉంది. సాల్బుటమాల్‌ను పదేపదే వాడితే కణంపై బీటా-2 గ్రాహకాల సంఖ్య తగ్గుతుంది. స్టిరాయిడ్ ఆ గ్రాహకాల తయారీని పెంచుతుంది. అంటే గోధుమ రంగు పంపు నీలం పంపు శక్తిని కూడా కాపాడుతుంది.

నోటిలో తెల్లటి పూత, గొంతు బొంగురుపోవడం దీని సాధారణ దుష్ఫలితాలు. మందు పీల్చిన తరువాత నీళ్లతో పుక్కిలించి ఉమ్మివేస్తే ఇవి చాలావరకు రావు.

6.4.2 దీర్ఘకాల బీటా-2 ఉత్తేజకాలు

ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ ప్రభావం సుమారు 12 గంటలు ఉంటుంది. ఆస్తమాలో వీటిని ఎప్పుడూ ఒంటరిగా వాడకూడదు. స్టిరాయిడ్‌తో కలిపిన పంపుగానే వాడాలి. ఫార్మోటెరాల్ కొద్ది నిమిషాల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది. ఈ గుణం వల్ల బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ మిశ్రమం ఉపశమనానికీ, నియంత్రణకూ ఒకే పంపుగా ఉపయోగపడుతుంది.

6.4.3 మాంటెలుకాస్ట్

ఇది మాత్ర. ల్యూకోట్రీన్‌ల గ్రాహకాలను అడ్డుకుంటుంది. దీని శక్తి పీల్చే స్టిరాయిడ్ కంటే తక్కువ. కొందరిలో పీడకలలు, చికాకు, కుంగుబాటు కలగవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనిపై తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. పిల్లలకు ఈ మాత్ర ఇస్తున్న తల్లిదండ్రులు వారి ప్రవర్తనలో మార్పులను గమనించాలి.

6.4.4 జీవసంబంధ ఔషధాలు

ఐజీఈ అనే ప్రతిదేహాన్ని పట్టి ఉంచే ఒమలిజుమాబ్ 2003లో అమెరికాలో అనుమతి పొందింది. ఇసినోఫిల్‌లను తగ్గించే మెపొలిజుమాబ్ ఆ తరువాత వచ్చింది. ఇవి సూదిమందులు, చాలా ఖరీదైనవి. మిగతా మందులు సరిగా వాడినా లొంగని తీవ్ర ఆస్తమాకే వీటిని వాడతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
సాల్బుటమాల్, బుడెసొనైడ్ అణువులు కణంలో ఎక్కడ పనిచేస్తాయి? ఆ తేడా వాటి వేగాన్ని ఎలా నిర్ణయిస్తుంది?

6.5 పీల్చే మందే ఎందుకు?

“పంపు అలవాటయితే ఇక మానలేరు”, “పంపు చాలా పవర్‌ఫుల్, మాత్రే నయం” అనే మాటలు మీరు వినే ఉంటారు. లెక్క చూద్దాం.

ఒక సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర 40 నొక్కులకు సమానం. తీవ్రమైన దాడిలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రల రోజు మోతాదు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. బుడెసొనైడ్ పంపుతో పెద్దలు సాధారణంగా రోజుకు తీసుకునేది 200 నుంచి 400 మైక్రోగ్రాములు. ఈ రెండు స్టిరాయిడ్‌ల బలం ఒకటి కాదు కాబట్టి ఇది సరితూకం కాదు. అయినా శరీరంలోకి వెళ్లే మందు బరువులో ఉన్న తేడా మీకు స్పష్టమవుతుంది. మాత్ర కడుపులోకి వెళ్లి రక్తంలో కలిసి శరీరమంతా తిరిగి, చివరకు ఊపిరితిత్తులను చేరుతుంది. పంపు మందు నేరుగా వ్యాధి ఉన్న చోటికే పోతుంది. అలవాటు అనే మాట కూడా సరికాదు. రక్తపోటు మాత్ర రోజూ వేసుకోవడం ఎలా వ్యసనం కాదో, ఇదీ అంతే.

అయితే మందు చేరాలంటే పద్ధతి తప్పకూడదు. 1 నుంచి 5 మైక్రాన్‌ల కణాలే సన్నని నాళికలను చేరుతాయి. పెద్ద కణాలు గొంతులోనే అతుక్కుంటాయి. పంపును ఇలా వాడాలి:

1. మూత తీసి పంపును బాగా ఊపాలి.
2. ఊపిరి పూర్తిగా వదలాలి.
3. పెదవులతో బిగించి పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ ఒకసారి నొక్కాలి.
4. నిండుగా పీల్చి 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి.
5. రెండో నొక్కుకు ముందు సుమారు ఒక నిమిషం ఆగాలి.

నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివారు, పిల్లలు, వృద్ధులు స్పేసర్ అనే గొట్టాన్ని తగిలించి వాడాలి. పొడి మందు వాడే రోటాహేలర్ వంటి పరికరాల్లో మాత్రం నెమ్మదిగా కాక, గట్టిగా, వేగంగా పీల్చాలి. ఈ తేడా తెలియక మందు వృథా చేసుకునేవారు చాలామంది ఉంటారు.

6.6 ఉపశమనం వేరు, నియంత్రణ వేరు

ఇప్పుడు మన కార్మికుని దగ్గరికి తిరిగి వెళదాం. చవితి దగ్గరపడే కొద్దీ పని పెరుగుతుంది. రోజుకు రెండుసార్లు వాడే నీలం పంపు ఎనిమిదిసార్లు అవుతుంది. ప్రతిసారీ ఊపిరి తేలికవుతుంది కాబట్టి తాను బాగానే ఉన్నాననుకుంటాడు. కాని లోపల శోథం పెరుగుతూనే ఉంది. ఊపిరి తేలిక కావడం వల్ల అతడు దుమ్ములో ఇంకా ఎక్కువసేపు కూర్చోగలుగుతున్నాడు. ఒక రాత్రి వాపు, శ్లేష్మం నాళికను దాదాపు మూసివేస్తాయి. అప్పుడు కండరాన్ని ఎంత సడలించినా దారి తెరుచుకోదు. నీలం పంపు ఆ రాత్రి పాడయిందని కాదు. అది చేయగల పని ఆ రాత్రికి చాలదు.

ప్రపంచ ఆస్తమా నిపుణుల వేదిక అయిన గీనా 2019లో తన సిఫారసులను మార్చడానికి కారణం ఇదే. పెద్దలకు, కౌమార వయస్కులకు సాల్బుటమాల్ వంటి స్వల్పకాల ఉత్తేజకాన్ని ఒంటరిగా ఇవ్వరాదని, స్వల్ప ఆస్తమా ఉన్నా పీల్చే స్టిరాయిడ్ ఏదో ఒక రూపంలో అందాలని అది చెప్పింది. 200 నొక్కుల నీలం పంపులు ఏడాదికి మూడు లేక అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే తీవ్రదాడి ప్రమాదం పెరిగినట్లు, పన్నెండు లేక అంతకంటే ఎక్కువయితే ప్రాణాపాయం పెరిగినట్లు లెక్క. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఖాళీ పంపులు లెక్కపెట్టండి. అది ఏ పరికరమూ అవసరం లేని పరీక్ష.

మందుతో పాటు ఉద్దీపనాన్ని తగ్గించడం కూడా చికిత్సే. పొడి రుద్దుడుకు బదులు తడి రుద్దుడు, స్ప్రే పనిని గాలి ఆడే చోట చేయడం, ముక్కుకు చేతిరుమాలు కాక దుమ్మును ఆపగల మాస్కు కట్టుకోవడం ఈ కార్మికునికి చెప్పవలసిన మాటలు. పని మానేయమని చెప్పడం తేలిక. నాలుగు నెలల సంపాదనతో ఏడాది గడిపే కుటుంబానికి ఆ సలహా పనికిరాదు.

6.7 ఉబ్బసంలా కనిపించే మరో వ్యాధి

పిల్లికూతలన్నీ ఆస్తమా కావు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఉష్ణమండల ఇసినోఫిలియా అనే వ్యాధి కనిపిస్తుంది. ఫైలేరియా సూక్ష్మక్రిముల పట్ల శరీరం అతిగా స్పందించడం దీనికి కారణం. రాత్రిపూట దగ్గు, ఆయాసం, పిల్లికూతలు అచ్చం ఆస్తమాలాగే ఉంటాయి. రక్తంలో ఇసినోఫిల్‌ల సంఖ్య ఘనమిల్లీమీటరుకు 3,000 దాటుతుంది. దీనికి డైఇథైల్ కార్బమజైన్ మాత్రలు సాధారణంగా మూడు వారాలు ఇస్తారు. ఈ మందును 1947లో లెడర్లీ ప్రయోగశాలలో వెలికితీసిన బృందానికి మార్గదర్శి, భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. సరైన వ్యాధి నిర్ణయం జరగనిదే సరైన మందు లేదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

6.8 చేప ప్రసాదం : ఒక పరిశీలన

హైదరాబాద్‌లో ఆస్తమా గురించి మాట్లాడుతూ చేప ప్రసాదాన్ని ప్రస్తావించకుండా ఉండలేం. ధూల్‌పేట్ నుంచి పురానాపుల్ దాటితే దూద్‌బౌలి దూరం కాదు. అక్కడి బత్తిని కుటుంబం ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు పసుపు రంగు మూలికా ముద్దను చిన్న కొర్రమీను నోట్లో పెట్టి రోగితో మింగిస్తుంది. శాకాహారులకు బెల్లంతో ఇస్తుంది. 1845లో ఒక సాధువు తమ పూర్వికునికి ఈ మందు చెప్పాడని ఆ కుటుంబం చెబుతుంది. దీనికి రుసుము తీసుకోరు. రద్దీ పెరగడంతో పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. వరుసగా మూడేళ్లు తీసుకోవాలని, 45 రోజులు పథ్యం పాటించాలని చెబుతారు. దీని శాస్త్రీయతను జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ప్రశ్నించాయి. నియంత్రిత వైద్య పరీక్షల్లో దీని గుణం నిరూపితం కాలేదు.

మరి కొందరికి తగ్గినట్లు ఎందుకు అనిపిస్తుంది? ఆస్తమా స్వభావమే హెచ్చుతగ్గులు. తీవ్రంగా ఉన్నప్పుడు ఏ చికిత్స తీసుకున్నా, ఆ తరువాత కొంత తగ్గడం సహజం. పథ్యం పాటించే రోజుల్లో పొగ తాగడం మానేసినవారికి, దుమ్ముకు దూరంగా ఉన్నవారికి మేలు కలుగుతుంది. నమ్మకం వల్ల కలిగే ఊరటను కూడా తీసివేయలేం. అందువల్ల ఒక రోగి “నాకు తగ్గింది” అనడం అబద్ధం కాకపోయినా, మందు గుణానికి అది రుజువు కాదు.

అక్కడికి వెళ్లేవారిని ఎగతాళి చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వారికి చెప్పవలసిన మాట ఒక్కటే: ఏది తీసుకున్నా నియంత్రణ పంపును మానవద్దు. చేప మింగిన ధైర్యంతో గోధుమ రంగు పంపు మానేసి, వానాకాలంలోకి, ఆ వెంటనే చవితి పనుల్లోకి దిగడం అసలు ప్రమాదం. పేరు, కూర్పు రాయని పొట్లాల మందుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అటువంటి పొడుల్లో స్టిరాయిడ్ కలిపి ఉన్న సందర్భాలు మన దేశంలో పలుమార్లు బయటపడ్డాయి.

6.9 తీవ్రమైన దాడి వస్తే

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పడుకోలేక ముందుకు వంగి కూర్చోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం ప్రమాద సూచనలు. అంతవరకు వినిపించిన పిల్లికూతలు, ఆయాసం తగ్గకుండానే ఆగిపోతే దానిని మంచి గుర్తుగా భావించకండి. శబ్దం చేసేంత గాలి కూడా కదలడం లేదని దాని అర్థం.

రోగిని నిటారుగా కూర్చోబెట్టండి. స్పేసర్‌తో సాల్బుటమాల్‌ను ఒక్కొక్క నొక్కుగా 4 నుంచి 10 సార్లు ఇవ్వండి. 108కు ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా 20 నిమిషాలకొకసారి తిరిగి ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో ఆక్సిజన్, నెబ్యులైజర్ ద్వారా సాల్బుటమాల్, ఇప్రట్రోపియం, స్టిరాయిడ్ మాత్రలు లేదా సూదిమందు, అవసరమైతే మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. స్టిరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుందని చదివారు కదా. అందుకే దానిని ఆలస్యం లేకుండా మొదలుపెడతారు.

6.10 సారాంశం

ఆస్తమాలో కండరం బిగుసుకోవడం, శోథం, శ్లేష్మం అనే మూడు కారణాల వల్ల శ్వాసనాళికలు ఇరుకవుతాయి. వీటికి మూలం శోథం. సాల్బుటమాల్ వంటి ఉపశమన ఔషధాలు కండరాన్ని నిమిషాల్లో సడలిస్తాయి, శోథాన్ని తాకవు. పీల్చే స్టిరాయిడ్‌లు జన్యువుల స్థాయిలో పనిచేసి శోథాన్ని రోజుల్లో, వారాల్లో అణచుతాయి. పీల్చే మందు తక్కువ మోతాదులో, వ్యాధి ఉన్న చోటే పనిచేస్తుంది. రోగికి వెంటనే తెలిసే గుణం మందు విలువకు కొలమానం కాదు. సాల్బుటమాల్, బుడెసొనైడ్, బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ మన జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. మందులు ఉన్నాయి, అవి పనిచేసే విధానమూ తెలుసు. ఆ తెలివిడి రోగి దాకా చేరడం మిగిలింది. అందులో మీకూ పాత్ర ఉంది.

6.11 మాదిరి ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఉపశమన, నియంత్రణ ఔషధాలు పనిచేసే విధానాలను పోల్చి వివరించండి.
2. మాత్ర కంటే పీల్చే మందు మేలైనదని లెక్కలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఉమ్మెత్తకు, ఇప్రట్రోపియంకు గల సంబంధం ఏమిటి?
2. ఉష్ణమండల ఇసినోఫిలియాను ఆస్తమాగా పొరబడే అవకాశం ఎందుకు ఉంది?

III. అభ్యాసం
ధూల్‌పేట్ కార్మికుడు మీ ఎదురుగా కూర్చుని, “అది పీల్చినా ఏమీ తెలియదు సార్” అన్నాడనుకోండి. ఒక్క సాంకేతిక పదం కూడా వాడకుండా, అతనికి అర్థమయ్యే మాటల్లో, పది వాక్యాలకు మించకుండా సమాధానం రాయండి. రాసినదానిని ఉబ్బసం ఉన్న ఒకరికి చదివి వినిపించండి. వారికి అర్థం కాని వాక్యాన్ని మార్చి మళ్లీ రాయండి.